గోకూ గొంతు ఎవరిది? జపనీస్‌లో ఒక్కరు, ఇంగ్లీష్‌లో ఎందరో

మీ అబ్బాయి గోకూ హీరోగా ఉన్న జపాన్ కార్టూన్ సీరియల్ డ్రాగన్ బాల్ జీ మొత్తం ఇంగ్లీష్‌లో చూశాడనీ, మొన్న జపనీస్ ఆడియో పెడితే "గోకూకి ఆడగొంతేంటి నాన్నా" అని రెండు నిమిషాల్లో ఆపేశాడనీ రాశారు. జపనీస్‌లో ఆ గొంతు ఎవరిది, ఇంగ్లీష్‌లో ఎవరిది, రెండూ ఇంత వేరుగా ఎందుకున్నాయి, పిల్లాడికి ఏది పెట్టమంటారు అని అడిగారు. నేను 16 ఏళ్లుగా హైదరాబాద్‌లో కార్టూన్లకీ సీరియళ్లకీ తెలుగు డబ్బింగ్ మాటలు రాస్తున్నాను. అవసరమైనప్పుడు మైకు ముందు కూడా నిలబడతాను. గోకూ గొంతుల గురించి నాకు చాలా ఇష్టం, అందుకే జవాబు కొంచెం పొడుగవుతుంది.

ముందు పేర్లు చెప్పేస్తాను. జపనీస్‌లో గోకూ మసాకో నొజావా. ఇంగ్లీష్‌లో మీ అబ్బాయి విన్నది దాదాపు ఖాయంగా షాన్ షెమెల్ గొంతు. గోకూ చిన్నపిల్లాడిగా ఉన్న మొదటి సీరియల్ 'డ్రాగన్ బాల్' ('జీ' దాని కొనసాగింపు) చూసుంటే అందులో స్టెఫనీ నడోల్నీ.

నొజావా గారు 1936 అక్టోబర్ 25న టోక్యోలో పుట్టారు. మూడేళ్ల వయసులోనే సినిమాలో కనిపించి, తర్వాత నాటకాల్లో పనిచేసి, అక్కడి నుంచి గొంతు పనిలోకి వచ్చారు. 1968లో 'గెగెగె నో కితారో'లో కితారో, 1978లో 'గెలాక్సీ ఎక్స్‌ప్రెస్ 999'లో తెత్సురో అనే కుర్రాడు ఆవిడే. అంటే 1986 ఫిబ్రవరి 26న ఫ్యూజీ టీవీలో డ్రాగన్ బాల్ మొదలయ్యేనాటికి ఆవిడ వయసు 49. తోకతో, కర్రతో, పసుపు మబ్బు మీద ఎగిరే అడవి పిల్లాడికి 49 ఏళ్ల ఆవిడ గొంతు. ఆ పాత్రకి ఆడిషన్ జరిగింది. టేపులు విన్న రచయిత అకిరా తొరియామా ఆవిడనే ఎంచుకున్నారు. ఆ రోజు నుంచి గోకూ జపనీస్ గొంతు మారలేదు. 2024 అక్టోబర్‌లో 'డ్రాగన్ బాల్ డైమా' వచ్చినప్పుడు నొజావా గారికి 88వ ఏడు నిండబోతోంది. అందులో మళ్లీ చిన్నవాడైపోయిన గోకూ కూడా ఆవిడే. వీడియో గేముల్లో ఒకే పాత్రకి 23 ఏళ్ల 218 రోజులు గొంతు ఇచ్చినందుకు 2017లో గిన్నిస్ వాళ్లు ఆవిడ పేరు రాసుకున్నారు. అది గేముల లెక్క మాత్రమే. టీవీ, సినిమాలు కలిపితే ఇంకా చాలా ఎక్కువ.

ఇక మీ అబ్బాయి అడిగిన "ఆడగొంతేంటి" దగ్గరికి వద్దాం. జపాన్‌లో మగపిల్లల పాత్రలకి ఆడవాళ్లు గొంతు ఇవ్వడం గోకూతో మొదలైంది కాదు. 1950ల చివర్లో, 60ల మొదట్లో అక్కడి టీవీల్లో విదేశీ సీరియళ్లని జపనీస్‌లోకి మార్చి వేసేవాళ్లు. చాలాసార్లు గొంతులు అప్పటికప్పుడు, ప్రసారం నడుస్తుండగానే చెప్పేవాళ్లు. రాత్రి పొద్దుపోయాక చేసే ఆ పనికి పిల్లల్ని కూర్చోబెట్టడం కుదరదు, చట్టం ఒప్పుకోదు. ఒకవేళ కూర్చోబెట్టినా, తప్పు పోతే దిద్దుకోవడానికి రెండో టేక్ లేదు. అందుకని నాటకాల్లో రాటుదేలిన ఆడవాళ్లని పిల్లల పాత్రలకి తీసుకున్నారు. నొజావా గారు కుర్రాళ్ల పాత్రల్లోకి వచ్చింది ఆ దారిలోనే. ఇంకో సౌకర్యం కూడా ఉంది. పన్నెండేళ్ల అబ్బాయిని పెడితే రెండేళ్లలో గొంతు పగులుతుంది, సీరియల్ మాత్రం పదేళ్లు నడుస్తుంది. మీ అబ్బాయికి డోరేమాన్ తెలిసే ఉంటుంది. అందులో నోబితా జపనీస్ గొంతు 1979 నుంచి 2005 వరకు నొరికో ఒహారా అనే ఆవిడది. నరుటో అనే ఇంకో కార్టూన్ హీరో గొంతు జున్కో తకెయుచిది, ఆవిడా స్త్రీయే. నరుటో ఇంగ్లీష్ గొంతు మెయిలీ ఫ్లానగన్ కూడా స్త్రీయే అని మీ అబ్బాయికి చెప్పి చూడండి, ఇంతకాలం వింటూ గమనించి ఉండడు. మన దగ్గరా ఇది కొత్త కాదు. తెలుగు సినిమాల్లో చిన్నబాబు పాత్రలకి ఆడవాళ్లు డబ్బింగ్ చెప్పడం డబ్బింగ్ థియేటర్లలో రోజూ జరిగే పనే.

కాబట్టి చిన్న గోకూకి ఆడగొంతు ఉండటంలో వింత లేదు, అమెరికా వాళ్లు కూడా అదే చేశారు. తేడా వచ్చింది గోకూ పెద్దవాడైన చోట. పెళ్లయింది, కొడుకు పుట్టాడు, కండలు పెరిగాయి. జపాన్‌లో గొంతు మాత్రం మార్చలేదు. అమెరికాలో మగగొంతు పెట్టారు. మీ అబ్బాయికి తగిలిన ఎదురుదెబ్బ అక్కడిదే.

ఎందుకు మార్చలేదో నొజావా గారి గోకూని కాసేపు వింటే తెలుస్తుంది. ఈ మనిషి లోపల పెద్దవాడు కాలేదు. ఆకలేస్తే ఆకలేస్తోందంటాడు, బలవంతుడు ఎదురైతే భయం బదులు సంబరపడతాడు, డబ్బు సంగతి తెలియదు, పెళ్లంటే తినేదేమో అనుకున్నవాడు. ఆ పసితనం, ఆ ఎదగనితనం ఆవిడ గొంతులో ఒక జీరలా ఉంటుంది. వయసుతో పాటు కొంచెం బరువెక్కించారు, మాట కొంచెం నిదానించింది, కానీ లోపలి పిల్లాడు అలాగే ఉన్నాడు. ఆవిడ పెద్ద గోకూని వింటున్నప్పుడు "ఈ వయసు మగాడికి ఈ గొంతేంటి" అనిపించడం మొదటి అరగంటే. ఆ తర్వాత "ఇలాంటి మనిషికి వేరే గొంతు ఎలా ఉంటుంది" అనిపిస్తుంది. నాకు నాలుగు ఎపిసోడ్లు పట్టింది.

ఆవిడ చేసేది గోకూ ఒక్కడినే కాదు. పెద్ద కొడుకు గోహాన్ ఆవిడే, చిన్న కొడుకు గోటెన్ ఆవిడే, గోకూ తండ్రి బార్డాక్ ఆవిడే, గోకూలాగే ఉండే విలన్ టర్లెస్ ఆవిడే. మూడు తరాలు ఒకే మనిషి గొంతులో ఉన్నాయి. సెల్ అనే విలన్‌తో పోరాటం ముందు తండ్రీకొడుకులు మాట్లాడుకునే చోట్లు జపనీస్‌లో వినండి. తండ్రి మాట, కొడుకు జవాబు, మళ్లీ తండ్రి మాట, అంతా ఒక్క నోట్లోంచే. ఒక పాత్ర మాటలన్నీ ముందు చెప్పేసి, తర్వాత వెనక్కి వెళ్లి ఇంకో పాత్ర చెప్పడం తేలిక, మేం అయితే అలాగే చేస్తాం. నొజావా గారు మాత్రం విడదీయకుండా వరసగా చెప్పేస్తారని ఆవిడే ఇంటర్వ్యూల్లో చెప్పారు. తెర మీద ఆ మొహం కనబడగానే ఆ మనిషి అయిపోతారట. మైకు ముందు నిలబడ్డ అనుభవం ఉన్నవాళ్లకి అది ఎంత కష్టమో తెలుసు. గొంతు మార్చడం కష్టం కాదు. ఒక పాత్ర కోపంలో ఉండగా, రెండు సెకన్లలో ఆ కోపాన్ని దించి ఇంకో పాత్ర భయంలోకి వెళ్లడం కష్టం.

దీనికి జతగా ఇంగ్లీష్‌లో ఒక విశేషం ఉంది. ఇంగ్లీష్‌లో గోహాన్, గోటెన్, బార్డాక్ అందరికీ వేర్వేరు గొంతులు. కానీ గోకూ గురువుల్లో ఒకడైన కింగ్ కాయ్ గొంతు కూడా షాన్ షెమెల్‌దే. ఆ ముక్కుతో మాట్లాడే, జోకులేసే గురువూ, ఆయన ముందు బుద్ధిగా నిలబడ్డ శిష్యుడూ ఇద్దరూ షెమెలే. జపనీస్‌లో ఆ గురువు జోజి యనామి, కథ చెప్పే వ్యాఖ్యాత గొంతు కూడా ఆయనదే. జపనీస్‌లో తండ్రీకొడుకులు ఒకే గొంతు అయితే, ఇంగ్లీష్‌లో గురుశిష్యులు ఒకే గొంతు. ఈ సంగతి మీ అబ్బాయికి చెప్తే మళ్లీ ఆ ఎపిసోడ్లు పెట్టుకుంటాడు.

ఇంగ్లీష్ గోకూ చరిత్ర మాత్రం సాఫీగా సాగలేదు. 1980ల చివర్లోనే అమెరికాలో ఒక ప్రయత్నం జరిగింది. అందులో గోకూ పేరే మార్చేసి 'జీరో' అన్నారు, గొంతు బార్బరా గుడ్‌సన్‌ది. అది ఎక్కడా నిలవలేదు. 1995లో ఫ్యూనిమేషన్ అనే అమెరికా కంపెనీ మొదటి డ్రాగన్ బాల్‌ని 13 ఎపిసోడ్ల దాకా తెచ్చింది, చిన్న గోకూ సాఫ్రన్ హెండర్సన్. 1996లో నేరుగా 'జీ'కి వెళ్లారు. రికార్డింగ్ కెనడాలోని వాంకూవర్‌లో, ఓషన్ స్టూడియోస్‌లో. గోకూ గొంతు మొదట ఇయాన్ జేమ్స్ కార్లెట్, కొంతకాలానికి పీటర్ కెలామిస్. పిల్లల చానళ్ల కోసం రక్తం, చావులు కత్తిరించడంతో 67 ఎపిసోడ్లు 53 అయ్యాయి. ఆ తర్వాత డబ్బు పెట్టే భాగస్వామి తప్పుకున్నాడు, ప్రసారం ఆగిపోయింది. కథ నమెక్ గ్రహం మీద నడిమధ్యలో ఉంది.

1998లో కార్టూన్ నెట్‌వర్క్‌లోని టూనామి కార్యక్రమంలో పాత ఎపిసోడ్లు మళ్లీ వేస్తే పిల్లలు విరగబడి చూశారు. మిగతా కథ కావాలి. ఫ్యూనిమేషన్ దగ్గర వాంకూవర్‌కి వెళ్లేంత డబ్బు లేదు, అందుకని టెక్సస్‌లో తమ ఊళ్లోనే మనుషుల్ని వెతుక్కుంది. 1999లో అలా దొరికినవాడు షాన్ షెమెల్. ఆయన చదువుకున్నది ఫ్రెంచ్ హార్న్ అనే ఊదే వాద్యం. అప్పుడు వచ్చినవాళ్లందరికీ చెప్పింది ఒకటే: పాత గొంతులకి దగ్గరగా ఉండాలి, పిల్లలకి తేడా తెలియకూడదు. అంటే షెమెల్ గోకూ అవ్వలేదు, ముందు కెలామిస్ అవ్వాల్సి వచ్చింది. ఆయన మొదటి ఎపిసోడ్లు ఇప్పుడు వింటే ఆ ఇరుకు వినిపిస్తుంది. గొంతు బిగించి, తనది కాని చోట నుంచి మాట్లాడుతున్నాడు. గోకూ ప్రత్యర్థులు వెజీటా, పికోలో పాత్రలు చేసిన క్రిస్టఫర్ సబాట్‌దీ అదే పరిస్థితి.

ఇది మనకి బాగా తెలిసిన కష్టమే. కమల్ హాసన్‌కి తెలుగులో బాలు గారి గొంతు, రాజశేఖర్‌కీ సుమన్‌కీ సాయికుమార్ గొంతు ఎన్నేళ్లు విన్నామో గుర్తుంది కదా. అలాంటి చోట ఒక సినిమాకి గొంతు మారితే హాల్లో కూర్చున్నవాళ్లు సర్దుకోలేరు. తర్వాత వచ్చినవాడు ఎంత బాగా చెప్పినా మొదటివాడి నీడలో చెప్పాలి. షెమెల్ ఆ నీడలోంచి బయటికి రావడానికి ఒకటి రెండు సీజన్లు పట్టింది. సెల్ కథ దగ్గరికి వచ్చేసరికి గొంతు దిగువకి వచ్చి స్థిరపడింది, నవ్వు తన సొంతమైంది. ఆ తర్వాత మిగతా ఇంగ్లీష్ గోకూలు ఉన్నా (కెనడా, బ్రిటన్‌లలో నడిచిన ఇంకో వెర్షన్‌లో కెలామిస్ మళ్లీ వచ్చాడు, తర్వాత కర్బీ మోరో చేశాడు), ప్రపంచానికి ఇంగ్లీష్ గోకూ అంటే షెమెలే అయిపోయాడు. 2005లో మొదటి 67 ఎపిసోడ్లు కూడా కత్తిరింపులు లేకుండా ఆయన గొంతుతోనే మళ్లీ చేశారు.

ఆయన అరుపుల గురించి చెప్పకపోతే ఈ జవాబు పూర్తి కాదు. 'జీ' తర్వాత వచ్చిన డ్రాగన్ బాల్ జీటీలో గోకూ నాలుగో స్థాయి సూపర్ సయ్యన్‌గా (బలం ఎన్నో రెట్లు పెరిగే రూపం) మారే చోట అరుస్తూ అరుస్తూ స్టూడియోలోనే స్పృహ తప్పానని షెమెల్ స్వయంగా చాలాసార్లు చెప్పారు. వినడానికి సినిమా కథలా ఉంటుంది గానీ, జరగడానికి చాలా వీలుంది. ఊపిరంతా ఒకేసారి బయటికి తోసి, తల బిగించి అరిస్తే కళ్లు తిరుగుతాయి. నేను పనిలోకి వచ్చిన రెండో ఏడు ఒక డబ్బింగ్ థియేటర్లో ఇలాగే ఒక రాక్షసుడి చావుకేక వరసగా ఆరు టేకులు చెప్పించారు. మధ్యలో నీళ్లు తాగనివ్వలేదు. మూడు వారాలు గొంతు పెగల్లేదు. ఆ మూడు వారాలూ ఇక ఈ పని చేయగలనా అని ఒకటే టెన్షన్. అందుకే ఎవరైనా కుర్రాళ్లు గోకూ దాడి కేక "కమేహమేహా" అరిచి రీల్ పెడితే నాకు ముందు భయమేస్తుంది. కేక పొట్టలోంచి రావాలి, గొంతు దారి మాత్రమే. హార్న్ ఊదిన ఊపిరి షెమెల్‌కి ఇక్కడ సాయపడి ఉంటుందని నా నమ్మకం. నొజావా గారు అవే అరుపుల్ని ఎనభై దాటాక కూడా అరిచారంటే, ఆవిడ ఊపిరిని ఎంత పొదుపుగా వాడుకున్నారో ఆలోచించండి. ఆవిడ కేకలో బరువు తక్కువ, పదును ఎక్కువ. షెమెల్ కేకలో ఛాతీ వినిపిస్తుంది.

ఇప్పుడు "ఇంత వేరుగా ఎందుకు" అన్నదానికి అసలు కారణం చెప్తాను. చాలామంది ఇద్దరి గొంతుల్ని పోలుస్తారు. నా ఉద్దేశంలో తేడాలో గొంతు వాటా సగం కన్నా తక్కువ. పని జరిగే పద్ధతి వేరు, రాసిన మాటలు వేరు.

జపాన్‌లో ఈ పనిని 'అఫురెకో' అంటారు. బొమ్మ తయారైన తర్వాత గొంతు రికార్డ్ చేయడం అని అర్థం. చాలాసార్లు బొమ్మ పూర్తిగా తయారై ఉండదు కూడా, పెన్సిల్ గీతల మీదే చెప్పాల్సి వస్తుంది. ముఖ్యమైన సంగతేమిటంటే నటులంతా ఒకే గదిలో ఉంటారు. మూడు నాలుగు మైకులు, వెనక బెంచీల మీద అందరూ. తన వంతు రాగానే స్క్రిప్టు పట్టుకుని చప్పుడు కాకుండా మైకు దగ్గరికి వెళ్లి, మాట చెప్పి, పక్కకి తప్పుకోవాలి. అంటే నొజావా గారి గోకూ చనిపోతున్న తన స్నేహితుడు క్రిలిన్‌ని చూసి అరిచినప్పుడు, క్రిలిన్‌కి గొంతు ఇచ్చిన మయుమి తనకా అదే గదిలో ఉండే అవకాశం ఉంది. (తనకా అంటే 'వన్ పీస్' హీరో లూఫీ జపనీస్ గొంతు. చిన్న గోహాన్‌కి 'డ్రాగన్ బాల్ జీ కాయ్'లో ఇంగ్లీష్ గొంతు ఇచ్చిన కాలీన్ క్లింకెన్‌బియర్డ్ కూడా లూఫీ ఇంగ్లీష్ గొంతే. ఇలాంటి చుట్టరికాలు వెతకడం నాకో పిచ్చి.)

ఇంగ్లీష్‌లో అలా కాదు, మన దగ్గరా అలా కాదు. ఒక గది, ఒక మైకు, ఒక మనిషి. హెడ్‌ఫోన్స్‌లో మూడు బీప్‌లు వినిపిస్తాయి, నాలుగోది రావాల్సిన చోట మాట మొదలుపెట్టాలి. ఎదుటి పాత్ర ఇంకా రికార్డ్ అయి ఉండకపోవచ్చు. అప్పుడు జపనీస్ గొంతు వింటూ దానికి జవాబు చెప్పాలి. పైగా జపనీస్‌లో పెదాలు జపనీస్ మాటకి కదిలాయి. అనిమేలో (జపాన్ కార్టూన్లలో) నోరు తెరిచి, సగం తెరిచి, మూసి, ఇలా కొన్ని ఆకారాలే ఉంటాయి కాబట్టి ప, బ, మ దగ్గర పెదాలు కలవలేదన్న బాధ మనుషుల సినిమాల్లో ఉన్నంత ఉండదు. కానీ నోరు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగింది అన్నది తప్పకూడదు. అందుకే మాటలు రాసేవాళ్లు ఒక పదం చేరుస్తారు, ఒకటి తీస్తారు.

తీసేసినవాటిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది గోకూ యాస. గోకూ జపనీస్‌లో తనని తాను 'ఓరా' అంటాడు. అది పల్లెటూరి 'నేను'. వెజీటా తనని 'ఓరె' అంటాడు, అందులో మగతనం, పొగరు ఉన్నాయి. విలన్ ఫ్రీజా 'వతాషి' అంటూ, ఎదుటివాణ్ణి చంపేముందు కూడా ఆఫీసులో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడతాడు. "తమరిని ఇప్పుడు చంపేస్తానండి" అని నవ్వుతూ అన్నట్టు. జపనీస్‌లో ఆ పాత్ర చేసిన ర్యూసెయ్ నకావో గొంతు వింటే ఒళ్లు జలదరించేది ఆ మర్యాద వల్లే. ఇంగ్లీష్‌లో 'నేను'కి ఉన్నది ఒక్క అక్షరం. ఈ మూడు 'నేను'లూ అందులో ఒకటైపోయాయి. షెమెల్ గోకూ పట్నం మనిషిలా శుభ్రంగా మాట్లాడితే అది ఆయన తప్పు కాదు, ఆయన చేతికి వచ్చిన కాగితం మీద ఊరు లేదు. మన భాషలో ఇది చేయొచ్చు. శ్రీకాకుళం వైపు పల్లెల్లో 'నాను' అన్నట్టు అనిపించొచ్చు, లేదా క్రియ చివర యాస పెట్టొచ్చు, 'వచ్చిన', 'వచ్చినా', 'వచ్చేసినాను'. నేను ఎప్పటికైనా గోకూకి మాటలు రాస్తే మొదట తేల్చుకునేది అతనిది ఏ ఊరు అన్నదే.

రెండోది, సూపర్ సయ్యన్ ఘట్టం. జపాన్‌లో 1991లో వచ్చింది, 'జీ'లో 95వ ఎపిసోడ్. క్రిలిన్ చచ్చిపోయాడు, గోకూ జుట్టు బంగారు రంగుకి మారింది. ఎవరు నువ్వు అని ఫ్రీజా అడిగినదానికి ఆ కథాభాగంలో జపనీస్ గోకూ చెప్పే జవాబు సారం ఇది: శాంతమైన మనసుండి కూడా, భరించలేని కోపంతో మేలుకున్న పురాణ యోధుణ్ణి. సూపర్ సయ్యన్ సన్ గోకూని. అంతే. తన గురించి తాను గొప్ప చెప్పుకోవడం కన్నా, తనకి ఏం జరిగిందో చెప్తున్నాడు. నొజావా గారు దాన్ని చాలావరకు అరవకుండా, దాదాపు చల్లగా చెప్తారు. అసలు భయం అందులో ఉంది. 1999 నాటి ఇంగ్లీష్ మాటల్లో గోకూ తాను విశ్వానికి ఆశననీ, అమాయకులకి రక్షకుణ్ణనీ, చీకట్లో వెలుగుననీ వరసగా చెప్పుకుంటాడు. అది అమెరికన్ సూపర్ హీరో ప్రసంగం. షెమెల్ దాన్ని పూర్తి నమ్మకంతో చెప్పారు, ఒక తరం పిల్లలు దాన్ని కంఠస్థం చేశారు. నేను దాన్ని తక్కువ చేయను. కానీ ఆ ప్రసంగం చెప్పేవాడు జపనీస్ గోకూ కాదు, వేరే మనిషి. గోకూ లోకాన్ని కాపాడాలని బయల్దేరినవాడు కాదు, కొట్లాట ఇష్టమై వెళ్లి, దారిలో లోకాన్ని కాపాడినవాడు. ఆ ఇంగ్లీష్ వెర్షన్‌లో సంగీతం కూడా మార్చేశారు. జపాన్‌లో షున్సుకే కికుచి నిశ్శబ్దం ఉంచిన చోట్ల బ్రూస్ ఫాల్కనర్ సింథసైజర్ మోగుతుంది. నిశ్శబ్దం పోయాక నటుడు గొంతు పెంచక ఏం చేస్తాడు?

పై జపనీస్ వాక్యాన్ని తెలుగులో రాస్తూ నేను ఒక సంగతి గమనించాను. నేను పదాల వరస మార్చాల్సిన అవసరమే రాలేదు. జపనీస్‌లో కూడా ముందు శాంతమైన మనసు, తర్వాత కోపం, తర్వాత మేలుకోవడం, చివరికి యోధుడు, అన్నిటికన్నా చివర పేరు. క్రియ చివర్లో వచ్చే భాషలు రెండూ. కాబట్టి నొజావా గారు ఎక్కడ ఆగి ఊపిరి తీసుకున్నారో, తెలుగులో కూడా అక్కడే ఆగొచ్చు. పేరు చివరిదాకా దాచొచ్చు. ఇంగ్లీష్‌లో 'నేను ఫలానా' అని ముందే బయటపెట్టి, విశేషణాలు వెనక తగిలించాలి. ఇంగ్లీష్ నటుడు బిగువు కోసం గొంతు మీద ఆధారపడేది అందుకే, వాక్యం ఆయనకి సాయం చేయదు. ఈ మధ్య తెలుగులో అనిమే డబ్బింగ్ పెరుగుతోంది, 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' 2025 సెప్టెంబర్‌లో థియేటర్లలోకి తెలుగులో కూడా వచ్చింది. చాలా చోట్ల తెలుగు మాటలు ఇంగ్లీష్ స్క్రిప్టు చూసి రాయిస్తారు. నా దగ్గరికి వచ్చిన పనుల్లో ఎక్కువ అలాగే వచ్చాయి. జపనీస్ నుంచి నేరుగా రాస్తే మనకి ఎంత కలిసొస్తుందో అందరికీ చెప్పాలని నాకు ఎప్పుడూ ఆరాటంగా ఉంటుంది.

గోకూ బలం కొలిచి వెజీటా 'తొమ్మిది వేలు దాటింది' అని అరిచే మీమ్ మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది. జపనీస్‌లో ఆ అంకె ఎనిమిది వేలు. వాంకూవర్ వెర్షన్‌లో బ్రయన్ డ్రమండ్ తొమ్మిది అన్నాడు, లోకానికి తొమ్మిదే మిగిలింది.

2009లో జపాన్‌లో 'కాయ్' పేరుతో పాత 'జీ'ని కుదించి మళ్లీ వేశారు. నొజావా గారు మళ్లీ మొదటి నుంచీ చెప్పారు. 2010లో దాని ఇంగ్లీష్ వచ్చింది. ఈసారి మాటలు జపనీస్‌కి చాలా దగ్గరగా రాశారు. అదే షెమెల్, పదకొండేళ్ల అనుభవం తర్వాత, సరైన కాగితం చేతిలో ఉంటే ఎలా చెప్తాడో అందులో వినాలి. గొంతు తగ్గింది, ఆగాల్సిన చోట ఆగాడు. నేను ఇంగ్లీష్‌లో ఎవరికైనా చూపించాలంటే 'జీ' బదులు 'కాయ్' పెడతాను. ఆ తర్వాత 2015 నుంచి 2018 దాకా వచ్చిన 131 ఎపిసోడ్ల 'డ్రాగన్ బాల్ సూపర్'లో ఇద్దరూ తమ తమ గోకూలతో పాటు గోకూ బ్లాక్ అనే విలన్‌ని కూడా చేశారు. గోకూ మొహం, గోకూ గొంతు, లోపల వేరే ప్రాణం. షెమెల్ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. గోకూ గొంతునే తీసుకుని అందులోంచి ఆప్యాయత ఒక్కటి తీసేశాడు.

'డైమా'లో ఇంగ్లీష్ వాళ్లు చేసిన ఒక పని నాకు చాలా సంతోషం కలిగించింది. గోకూ మళ్లీ చిన్నవాడయ్యాడు కాబట్టి, ఇరవై ఏళ్ల కిందట చిన్న గోకూ చేసిన స్టెఫనీ నడోల్నీని వెనక్కి పిలిచారు. పెద్దయ్యే చోట షెమెల్. జపనీస్‌లో రెండు చోట్లా నొజావా గారే. ఒకే సీరియల్లో రెండు పద్ధతులూ పక్కపక్కన దొరుకుతాయి.

కాబట్టి మీ అబ్బాయికి నేనైతే 'జీ'ని జపనీస్‌లో పెట్టి బలవంతంగా కూర్చోబెట్టను. వాడికి తెలిసిన పెద్ద గోకూ దగ్గర మొదలుపెడితే ఆ గొంతు ఎప్పటికీ తప్పుగానే వినిపిస్తుంది. 1986 నాటి మొదటి డ్రాగన్ బాల్, జపనీస్ ఆడియోతో, మొదటి పది ఎపిసోడ్లు పెట్టండి. అక్కడ గోకూ చిన్నపిల్లాడు, గొంతు గురించి వాడికి అనుమానమే రాదు. పిల్లాడితో పాటు ఆ గొంతు చెవికి అలవాటైపోతుంది, తర్వాత ఆ పిల్లాడు పెద్దవాడైనా వాడే వీడని తెలిసిపోతుంది. దానిలో కొంచెం పెద్దవాళ్ల అల్లరి జోకులు ఉంటాయి, అందుకని మొదటిసారి మీరు పక్కనుంటే మంచిది. సబ్‌టైటిల్స్ ఇంగ్లీష్‌లో చదవడానికి ఇబ్బంది పడితే మీరే తెలుగులో చెప్తూ ఉండండి. గోకూ వాక్యం ముగిసేదాకా ఆగి, అప్పుడు చెప్పండి. 'ఓరా' అన్న మాట వినబడినప్పుడల్లా చెయ్యెత్తమనండి, మా అమ్మాయికి ఆ ఆటతోనే అలవాటైంది.